పేరమ్మ కోడిపిల్లల లెక్క

పేరమ్మ ఉందే, గొర్రెల మాలకొండయ్య పెళ్ళాం, ఆమె కళ్ళు మంచియ్యే. ముందే చెప్తన్నా, మధ్యలో అడ్డం రాబాకండి. ఆమె కాపరానికొచ్చిన ఏడు, మొదటి చలికాలంలో ఏమైందంటే, వాళ్ళ మామ పొద్దుగూకినాక ఇంటోళ్ళందర్నీ దొడ్డికాడ నిలబెట్టి పైకి చూడమన్నాడంట. ఆ ఇంట్లో అదొక ఆనవాయితీ. చలిరోజుల్లో నడినెత్తిన పిల్లలకోడి ఉంటది చూడండి, గుంపుగా చిన్నచిన్న చుక్కలు, కోడి పిల్లల్నేసుకోని పోతన్నట్టు, దాన్ని ఎవురు సరిగ్గా లెక్కపెడితే వాళ్ళే రోజూ సాయంత్రం దొడ్డి తడిక కాడ నిలబడి గొర్రెల్ని లెక్కపెట్టాల. అంటే ఇంట్లో అందరికన్నా చూపున్న మనిషని పేరనుకో. మాలకొండయ్య అక్క కోటమ్మ ముందు చూసి ఆరన్నదంట. పేరమ్మ కొత్తకోడలాయె, నోరు మూసుకోవచ్చా, మూసుకోలా. ఏడు మామా, అన్నదంట. ఆమె ఆరంటది, ఈమె ఏడంటది. మామేం చేశాడు, కూతురి పక్కకి మొగ్గాడు. మా పిల్లది డేగచూపు, ఈ కొత్తదానికే చూపానదు, అనేశాడంట. అంతే, ఆ మాట పడ్డది. నలభై రెండేళ్ళు మోసింది. బియ్యంలో రాళ్ళేరుకుంటా కూచున్నా, పక్కింటోళ్ళొచ్చి, నీకు కనపడవులే పేరమ్మా ఇటియ్యి, అని చేట లాక్కునేవోళ్ళంట. కోటమ్మని ఆ ఊళ్ళోనే ఇచ్చారు, రెండిళ్ళవతల. పొద్దుగూకేసరికి చీర చెంగు దోపుకోని పుట్టింటి దొడ్డికాడికొచ్చి నిలబడేది. మామ పోయాడు, అత్త పోయింది, ఆమె మాత్రం ఆ తడిక వదల్లా. ఆ కోటమ్మ సంగతి నాకు తెలవదా, మా జల్లెడ తీసకపోయి పదమూడేళ్ళయింది, అడిగితే, మీ ఇంట్లో జల్లెడ ఎప్పుడుందమ్మే, అంటది. సరే, ఇప్పుడు జల్లెడ కథ కాదుగా.

ఇట్టా ఉండగా పేరమ్మ కోడలు హైమావతి, బళ్ళో సైన్సు టీచరు, ఒకనాడు ఆటోలో ఇంత పొడుగు అట్టపెట్టె దించిందంట. ఏందమ్మాయ్ అది, అంటే, టెలిస్కోపు అత్తయ్యా, బడికి కొత్తగా వచ్చింది, పిల్లలకి చూపించే ముందు ఇంటికాడ ఒకసారి పెట్టి చూసుకుంటే మంచిది గదా, అన్నదంట. పెరట్లో మునగచెట్టు పక్కన, చాకిరేవు బండంత రాయి ఉంటే దానిమీద నిలబెట్టింది. ఏముంది, బియ్యం డబ్బాని సాగదీసినట్టు లావుపాటి గొట్టం, నోటికి నల్ల మూత, మూతికి దగ్గర్లో పక్కకి ఒక పొట్టి ముక్కు, ఆ ముక్కులో కన్నుపెట్టి చూడాల. ఇంకా పొద్దుండగానే మాలకొండయ్య ఆగలేక మూత తీసి చూశాడంట. చూసి వెనక్కి అడుగేశాడు. "ఏమే పేరా, మన గేదె కాళ్ళు పైకి పెట్టి గడ్డి తింటంది. పలుపు గట్టిగా కట్టు, ఆకాశంలో పడిపోద్ది." హైమావతి నవ్వాపుకోలేక, "అది తలకిందులుగానే చూపిద్ది మామయ్యా. చుక్కలకి కిందేంది, పైనేంది," అంటా మూత మళ్ళీ పెట్టేసిందంట. అందరూ నవ్వుతన్నారుగాని పేరమ్మ నవ్వలా. ఆమె ధ్యాస వేరే. దగ్గరికొచ్చి, మెల్లిగా, "అమ్మాయ్, ఇందులో పిల్లలకోడి కనపడతదా," అని అడిగిందంట. కనపడకపోవడమేంది అత్తయ్యా, ఒక్కో పిల్లా విడివిడిగా కనపడిద్ది, అన్నది కోడలు. ఆ మాట వినటమే ఆలీసం, పేరమ్మ పైట సర్దుకోని తనే స్వయంగా కోటమ్మ ఇంటికి పోయిందంట. నలభై రెండేళ్ళలో పిలవకుండా ఆ గడప తొక్కటం అదే మొదలు. "వదినా, మా కోడలు గొట్టం తెచ్చింది. ఇయ్యాల తేలిపోవాల. ఆరయితే నువ్వు బతికినన్నాళ్ళూ తడిక నీదే, నేను నోరెత్తను. ఏడయితే రేపట్నించి ఆడ నేను నిలబడతా." కోటమ్మ తమలపాకు నములుతా, "నీ కళ్ళకి గొట్టమొకటి తక్కువయిందా మరదలా, పద," అన్నదంట.

దీపాలు పెట్టేసరికి వచ్చింది కోటమ్మ. చీకటి చిక్కపడింది, చందమామ లేడు, పిల్లలకోడి నెత్తిమీదికి ఎక్కొచ్చింది. హైమావతి గొట్టం మీద ఇంకో వేలంత గొట్టముంటే దాంట్లోంచి చూసి గురి కుదిర్చింది. కుదిర్చి, పెద్దమ్మా, మీకు ఎత్తు చాలదు, పీట తెస్తా, అందాకా ముట్టుకోబాకండి, అని లోపలికి పోయిందంట. కోటమ్మ ఆగే మనిషా. ఇంటికి పెద్దాడబిడ్డని, నాకు పీటేందని, మునివేళ్ళ మీద లేచి ముక్కుకి కన్నానించింది. ఆనించి అట్టాగే కాసేపు చూసింది. ఒక వేలు, రెండు వేళ్ళు, ఆరు వేళ్ళు ముడిచింది. "ఆరే. రేగుపళ్ళలాగ ఇంతింత ఉండాయి. మా నాయన ఉత్త మాట చెప్పే మనిషి కాదు." పేరమ్మ తల దించుకోబోతా, గొట్టం నోటివంక చూసింది. ఏమైందంటే, నల్లమూత దాని నోటికి అట్టాగే ఉంది. ఎవురూ తియ్యలా.

అప్పుడు పేరమ్మకి ఒక్కొక్కటే ఎక్కిందంట. రెండేళ్ళనుంచి కోటమ్మ తడిక కాడ ప్రతి గొర్రె వీపూ తట్టి పంపిస్తంది. అందరూ ఏమనుకున్నారు, పెద్దామెకి జీవాలంటే ముద్దనుకున్నారు. ముద్దేంది, చేతికి తగిలితేగాని ఆమెకి గొర్రె వచ్చిందో రాలేదో తెలవదు. కళ్ళు ఎప్పుడో పొర కమ్మినయి. చీకటిని చూసి ఆరు అంటంది మనిషి. ఇంతలో హైమావతి పీట తెచ్చి, మూత చూసి, "అయ్యో, ఇది..." అనబోయింది. పేరమ్మ కోడలి జబ్బ పట్టుకోని గిల్లిందంట, మచ్చ మూడురోజులుండేట్టు. హైమావతి తెలివిగలది, కిక్కురుమనకుండా మూత లాగి చెంగు చాటున పెట్టుకుంది.

పేరమ్మ కన్నుపెట్టింది. పెట్టి, తియ్యలేదంట. ఏడేందయ్యా, ఆరేందయ్యా, జొన్నలు చల్లినట్టు గొట్టమంతా చుక్కలే. లెక్కపెట్టబోతే కలిసిపోతన్నయి, మొదలు యాడపెట్టిందో మరిచిపోతంది. నాలుగుసార్లు మొదలెట్టింది, నాలుగుసార్లూ తప్పింది. అప్పుడొకటి కనిపెట్టింది. చుక్కలు ఊరికే ఉండటంలా, మెల్లిమెల్లిగా ఒక పక్కకి జరిగి, గొట్టం అంచు దాటి ఒక్కొక్కటే మాయమైతన్నయి. హైమావతి, ఉండండత్తయ్యా, మళ్ళీ మధ్యలోకి తిప్పుతా, అంటే, "చెయ్యి పెట్టబాక. దొడ్డిలో నిలబడ్డ గొర్రెల్ని ఎవురమ్మా లెక్కపెట్టేది, తడిక దాటేటప్పుడు పెట్టాలగాని," అన్నదంట. అని, ఐదు చుక్కలు అంచు దాటితే ఒక గులకరాయి ఒళ్ళో వేసుకుంటా, మెడ పట్టేసినా కదలకుండా, చివరిది దాటిందాకా చూసింది. ఎనిమిది రాళ్ళు, పైన మూడు. నలభై మూడు. మాలకొండయ్య, "అయితే నలభై రెండేళ్ళు మీరిద్దరూ నా ప్రాణం తీసింది తప్పుడు లెక్కకా," అని పీటమీద కూలబడ్డాడంట.

ఇద్దరూ ఓడారు, పందెం లేదు. కోటమ్మ గడ్డమెత్తుకోని పోబోతంది. పేరమ్మ వాకిలిదాకా పోయి, చెవికాడ వంగి, "వదినా, నువ్వు చూసినప్పుడు మూత తియ్యలేదు," అన్నదంట. అంతే మాట. కోటమ్మ నిలబడిపోయింది. నోట్లో ఆకు ఊసేసింది. "ఎవురికన్నా చెప్పావా," అన్నది. లేదు వదినా. "మోకాళ్ళు నొప్పులు లేసినయ్యమ్మే నాకు. రేపట్నించి తడిక కాడ నువ్వే నిలబడు." తెల్లారి పొద్దుగూకేటప్పుడు పేరమ్మ చెంగు దోపుకోని నిలబడింది. కోటమ్మ వచ్చి అరుగుమీద కూచోని, "గొణగబాక, గట్టిగా లెక్కపెట్టు, నాకు వినపడాల," అన్నదంట. ఆ మాఘమాసంలోనే హైమావతి ఆమెని బస్సెక్కించి కంటి ఆపరేషన్ చేయించుకొచ్చింది. కట్టు ఇప్పిన సాయంత్రం కోటమ్మ తలెత్తి పిల్లలకోడిని నిదానంగా చూసి, "ఆరే," అన్నదంట.

మూత సంగతి పేరమ్మ ఇప్పటిదాకా ఇంకొక్క మనిషికి చెప్పలా. గొప్ప మనిషిలే, కాదన్లా. నలభై రెండేళ్ళ మాట తీర్చుకునే రోజొస్తే చెవిలో చెప్పి ఊరుకుంది. నేనయితే నడివీధిలో నిలబడి మూడు పూటలా చెప్పేదాన్ని, మూత చేతిలో పట్టుకోని మరీ. హైమావతి నోరుజారి నాకు చెప్పి, ఎవురికీ అనబాకమ్మమ్మా, అని ఒట్టు పెట్టించుకోబోయింది. నేను ఒట్టెయ్యలేదు. మీరూ ఏం వెయ్యలేదుగా, పోండి ఇంక.