బుధవారం కుస్తీ

ఆదివారం మధ్యాహ్నం, నందిగామలో మేనత్త రత్తమ్మ ఇల్లు. నలభై మూడేళ్ళ సతీష్‌బాబు, జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు యజమాని, కాలేజీకెళ్ళే కూతురున్న తండ్రి, టీవీకి మూరెడు దూరంలో కూర్చుని రెజ్లింగ్ చూస్తున్నాడు. అన్న కిషోర్‌బాబు కారు రెండు వీధుల అవతల ఆపి, తలకి తువ్వాలు చుట్టుకుని, దొడ్డి గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. చెప్పులైనా విడవకుండా తిట్లు మొదలుపెట్టాడు. సతీష్‌బాబుకి ఇదేం కొత్త కాదు, చిన్నప్పట్నుంచీ పడుతున్నదే.

"...అదీ! పడ్డాడు! కొట్టకముందే పడ్డాడు, చూసావా? వాడి చెయ్యి వీడి మొహానికి జానెడు దూరంలో ఉంది, వీడు ఎగిరి అవతల పడ్డాడు. సిగ్గన్నా ఉండాలి."

"పక్కకి జరుగన్నయ్యా, కనపడట్లా."

"ఏముందిరా కనపడ్డానికి? ఇద్దరు దున్నపోతులు, ఒళ్ళంతా నూనె, మీద జానెడు చెడ్డీ. నీకెన్నేళ్ళు?"

"నీకంటే ఆరు తక్కువ."

"అక్షయకి రేపో మాపో సంబంధాలు చూడాలి. పిల్ల తండ్రి ఏం చేస్తాడంటే ఏం చెప్పమంటావ్? ఉత్తుత్తి కుస్తీలు చూసి చప్పట్లు కొడతాడని చెప్పనా?"

"ఎరువులు అమ్ముతాడని చెప్పు."

"ఆ బనీనేంటి? దాని మీద ఆ పుర్రె ఏంటి?"

"బనీను కాదు, టీషర్టు. పుట్టినరోజుకి అక్షయే కొనిచ్చింది."

"దానిక్కూడా అంటించావన్నమాట. మొన్న మైలవరంలో మా వియ్యంకుడు నలుగురిలో అడిగాడు, మీ తమ్ముడింకా ఆ కుస్తీలు చూస్తన్నాడా అని. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలా. హైదరాబాదులో షో అంటే కొట్టు మూసేసి పోయావంట. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర మావాళ్ళు చూసారు, మెళ్ళో బంగారు రంగు ప్లాస్టిక్ బెల్టు వేసుకుని టీ తాగుతున్నావంట."

"మెళ్ళో కాదు, భుజం మీద, ఛాంపియన్లు వేసుకున్నట్టు. ప్లాస్టిక్ కూడా కాదు, రేకు."

"రేకంట! అత్తా, నువ్వన్నా చెప్పొద్దూ వీడికి?"

"నేనేం చెప్పను కిషోరూ. వచ్చీ రాగానే అదే పెడతాడు. పోయిన వారం ఆ జుట్టోణ్ణి నిచ్చెన మీంచి తోసారు, ప్రాణం పోయిందనుకుని అన్నం కూడా సయించలా నాకు. ఇవ్వాళ చూస్తే నిక్షేపంలా లేచొచ్చాడు."

"వాడెందుకు పోతాడత్తా? అదంతా నాటకం. ఎవడు గెలవాలో, ఎవడు పడాలో ముందే అనుకుని దిగుతారు."

"నిజమేనా సతీషూ?"

"నిజమే అత్తా."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేరా?"

"నువ్వడగలా."

"విన్నావా? తెలిసే చూస్తున్నాడు! తెలీక చూస్తే అమాయకుడనుకోవచ్చు. తెలిసి, పనులు మానుకుని, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వీడు ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయాడత్తా. ఒళ్ళు పెరిగింది, బుర్ర అక్కణ్ణించి కదల్లా."

"సరేలే, అన్నం పెట్టేదా?"

"ఆగత్తా. ఒరేయ్, ముందా టీవీ కట్టెయ్. పోనీ సౌండన్నా తగ్గించు. పనుండి వచ్చా."

"తిండికి వచ్చావనుకున్నా."

"తిండికీ వచ్చా, పనికీ వచ్చా. బుధవారం మా పార్టీ పెద్దాయన వస్తన్నాడు జగ్గయ్యపేటకి."

"తెలుసు. ఫ్లెక్సీలు చూసా. నీ మీసానికి రంగు ఎక్కువైంది."

"జెడ్పీటీసీ టికెట్టు ఆయన చేతిలో ఉంది. నాకే అనుకున్నారంతా. ఈలోపు ఆ నవీన్‌బాబు..."

"నీ వెనకాల తిరిగే నవీన్‌బాబేనా?"

"నా వెనకాల తిరిగి నా మీదే పెద్దాయనకి ఎక్కించాడు. 'కిషోర్‌బాబూ వాళ్ళ తమ్ముడూ ఒకటేనండీ, అన్న మన పార్టీ, తమ్ముడు అవతలి పార్టీ, ఎవరు గెలిచినా వాళ్ళ పనులు ఆగవండీ, బజార్లో తిట్టుకునేదంతా నాటకమండీ' అని చెప్పొచ్చాడంట."

"తెలివైనోడే."

"నవ్వకు. ఇన్నేళ్ళ కష్టంరా."

"నవ్వట్లా. నాన్న చేసిన పంపకమేగా. పొలం సగం సగం, పార్టీలు చెరొకటి."

"అందుకే బుధవారం ఆయన కళ్ళముందు ఒకటి జరగాలి."

"ఒకటంటే?"

"నీకు తెలీదా?"

"తెలీదు, చెప్పు."

"అదేరా. ఊరేగింపు మీ కొట్టు ముందుకొస్తుంది. నేను జీపు మీంచి దిగి నిన్ను నాలుగు మాటలంటా. నువ్వు బయటికొచ్చి రెండంటావ్. నేను నీ చొక్కా పట్టుకుంటా. ఆ తర్వాత..."

"ఆ తర్వాత?"

"ఒకటి పీకుతా. మెల్లిగానేలే."

"అంటే ఉత్తుత్తి దెబ్బ."

"అది వేరు, ఇది వేరు."

"ఎట్టా వేరు?"

"ఇది రాజకీయం."

"అత్తా, విన్నావా?"

"నాకు పొయ్యి మీద పులుసుంది నాయనా, నన్ను లాగొద్దు."

"ఎవరు గెలవాలన్నయ్యా?"

"ఏంటి?"

"ముందే అనుకోవాలిగా. బుధవారం ఎవరు గెలవాలి?"

"నేనేరా. పెద్దాణ్ణి నేను, టికెట్టు కావాల్సింది నాకు."

"పోయినసారీ నువ్వే గెలిచావ్."

"ఈసారికి కానియ్. తర్వాత చూద్దాం నీ వంతు."

"ఏ చెంప?"

"ఏదైతే ఏంట్రా?"

"పోయినసారి, పోలింగు రోజు, నువ్వు చెయ్యెత్తి, ఎత్తి, మధ్యలో వాచీ సర్దుకుని, అప్పుడు కొట్టావ్. పాన్‌షాపు వాడు నవ్వుకున్నాడు. నీ వేళ్ళు నా చెవికి తగిలి రెండ్రోజులు హోరు. చప్పుడు మాత్రం రాలా. చెంపదెబ్బకి చప్పుడు చెంప మీంచి రాదన్నయ్యా."

"మరి?"

"తొడ మీంచి వస్తుంది. కుడిచేత్తో కొడుతూ ఎడంచేత్తో తన తొడే చరుచుకుంటాడు కొట్టేవాడు. జనం మొహాలు చూస్తారు, తొడనెవడు చూస్తాడు?"

"ఏదీ... ఇట్టానా?"

"అరచెయ్యి పూర్తిగా తగలాలి."

"ఇట్టా?... వచ్చిందిరా చప్పుడు!"

"అదే టైముకి కాలు నేలమీద తొక్కాలి."

"ఇట్టా... ఇట్టా... ఆ!"

"కిషోరూ! ఏంట్రా ఆ గంతులు? గోడకి దేవుడి పటం ఊగుతోంది ఇక్కడ."

"ఏంలేదత్తా. ఒరేయ్, ఇంకోసారి చూపించు."

"సిగ్గన్నా ఉండాలన్నావుగా."

"పనికొచ్చేది ఎక్కడున్నా తీసుకోవాలి. నీలాగా ముప్ఫయ్యేళ్ళు చొంగ కార్చుకుంటూ చూడ్డం కాదు. సరే, ఖాయమేగా? బుధవారం పదింటికల్లా కొట్లో ఉండు."

"ఒకటి అడుగుతా. సొలొమోను చెయ్యి ఎట్టా ఉంది?"

"ఏ సొలొమోను?"

"నీకెంతమంది సొలొమోనులున్నారు? మీ జెండా మోసేవాడు. మా కొట్లో బస్తాలు దించే ప్రేమదాసుకి తమ్ముడు."

"బానే ఉంది. ప్లేటు వేసారుగా."

"భుజం దాటి లేవట్లా. జెండా ఎడంచేత్తో పట్టుకుంటన్నాడు, చూసా."

"అయితే నన్నేం చెయ్యమంటావ్? ఆస్పత్రికి నా కార్లోనేగా తీసుకెళ్ళింది."

"ఎవరు విరగ్గొట్టారు?"

"నీకు తెలీదా? వాళ్ళన్నే."

"ఎందుకు?"

"పోలింగు రోజు నువ్వూ నేనూ చొక్కాలు పట్టుకున్నాం, వాళ్ళొచ్చి మధ్యలో దూరారు. మనం దూరమన్నామా?"

"నువ్వు నన్ను నిజంగా కొడుతున్నావనుకుని ప్రేమదాసు కర్ర తీసాడు. నీకు తగలకూడదని సొలొమోను చెయ్యి అడ్డం పెట్టాడు."

"తాగున్నారేమో ఇద్దరూ."

"ప్రేమదాసు తాగడు. చర్చిలో పెద్ద. ఆ సాయంత్రం మనమెక్కడున్నాం?"

"ఇప్పుడవన్నీ ఎందుకురా..."

"ఎక్కడున్నాం?"

"ఇక్కడ. అత్త చేపల పులుసు చేసింది."

"చేసాను నాయనా. చింతకాయ బాగా పడిందత్తా అని నువ్వు రెండోసారి కూడా పోయించుకున్నావ్."

"అత్తా, నువ్వు లోపలికి పో."

"అప్పట్నించీ ఆ అన్నదమ్ములకి మాటల్లేవు. ప్రేమదాసు కూతురు కృపాజ్యోతి పెళ్ళికి సొంత చిన్నాన్న రాలా. ఆ పిల్ల చర్చి మెట్ల మీద నిలబడి రోడ్డు వంకే చూసింది, వస్తాడేమోనని. పాస్టరు గారు రెండుసార్లు పిలిచినా లోపలికి పోలా. నేనక్కడే ఉన్నా. తల దించుకుని చెప్పుల వంక చూసుకుంటా నిలబడ్డా."

"అది వాళ్ళ మూర్ఖత్వం. మాట్లాడుకోవద్దని మనం చెప్పామా?"

"మాట్లాడుకోమనీ చెప్పలా."

"ఎట్టా చెప్తాంరా? చెప్తే..."

"చెప్తే నాటకమని తెలిసిపోద్ది."

"ఊఁ."

"నువ్వు తిట్టిన ఆ చెడ్డీగాళ్ళున్నారు చూడు. కింద పడ్డవాడికి నిజంగా దెబ్బ తగిలిందనుకో, కొట్టేవాడు మెడ పట్టుకున్నట్టు నటిస్తూనే చెవిలో అడుగుతాడు, బానే ఉన్నావా అని. లేదంటే రిఫరీ రెండు చేతులూ అడ్డంగా ఎత్తి ఆట ఆపించేస్తాడు. నాకందుకే ఇష్టం. సిగ్గులేకుండానే చెప్తన్నా, చాలా ఇష్టం. మనం ఎవడి చెవిలో అడిగాం అన్నయ్యా?"

"ఆపరా. కుస్తీగాళ్ళ బొమ్మల కార్డులు దాచుకునే వెధవ్వి, నువ్వు నాకు నీతులు చెప్పేంతవాడివయ్యావా? పార్టీ అంటే పది మంది నలుగుతారు. వాళ్ళకి ఇళ్ళ స్థలాలు ఇప్పించలా? బియ్యం కార్డులు రాయించలా? బుధవారం చేస్తావా చెయ్యవా, ఆ ముక్క చెప్పు."

"చేస్తా."

"అదీ. ఆ మాట ముందే అంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. నేను సొలొమోనుకి చెప్పి కుర్రాళ్ళని దింపుతా. నువ్వు మీ ప్రేమదాసుకి చెప్పు, ఈసారి కర్రల్లేవు, తోసుకోవడం వరకే. అరుపులు మాత్రం పెద్దాయన చెవులు పగిలేట్టుండాలి."

"సొలొమోనుకి ఫోన్ చేసావా?"

"నిన్నట్నించీ చేస్తన్నా, ఎత్తట్లా. వాళ్ళ ఆవిడ సూసన్ ఎత్తి, 'లేరండీ' అని పెట్టేసింది. ఏ ప్రార్థనలోనో ఉండుంటాడు."

"ఊఁ."

"ఏంటా ఊఁ?"

"ఏంలేదు."

"ఏంట్రా?"

"శుక్రవారం ప్రేమదాసు యూరియా దించి, మంచినీళ్ళు తాగుతా టీవీ దగ్గర నిలబడ్డాడు."

"కొట్లో కూడా టీవీ పెట్టావా! రైతుల ముందు!"

"రైతులూ చూస్తారు. 'బాబుగారూ, వీళ్ళు బయట కూడా ఇంతేనాండీ?' అని అడిగాడు. కాదు ప్రేమదాసూ, ఒకే బస్సులో వస్తారు, ఒకే చోట తింటారు, ఒకళ్ళ మీద ఒకళ్ళకి కోపమేం ఉండదు అని చెప్పా. 'మరి చూసేవాళ్ళు కొట్టుకోరాండీ?' అన్నాడు. ఎందుకు కొట్టుకుంటారు, నాటకమని వాళ్ళకి తెలుసుగా అన్నా."

"అయితే ఏంటి?"

"టీవీ వంక చూస్తా ఇంకో గ్లాసు నీళ్ళు పోసుకున్నాడు. తర్వాత, 'ఆదివారం ఆదివారం మీరు నందిగామ ఎందుకు వెళ్తారండీ?' అని అడిగాడు."

"...నువ్వేం చెప్పావ్?"

"మా అత్త అన్నం పెడుతుందని చెప్పా."

"బతికించావ్."

"'మీ ఒక్కరికేనాండీ?' అన్నాడు."

"సతీషూ. ఏం చెప్పావురా?"

"ఇద్దరికీ అని చెప్పా."

"నీ మొహం మండ! బుద్ధుందా నీకు? గడ్డి తింటున్నావా? ఆ కుస్తీలు చూసి చూసి ఉన్న కాస్త బుర్రా కరిగిపోయిందిరా నీకు! కొంప ముంచావ్! ఏమన్నాడు? తిట్టాడా? కొట్టబోయాడా?"

"లేదు. గ్లాసు కడిగి బోర్లించాడు. సైకిలెక్కి సొలొమోను ఇంటి వైపు పోయాడు."

"సొలొమోనుకీ తెలుసా! అందుకే ఎత్తట్లేదా వెధవ... అయిపోయింది. పోయింది నా టికెట్టు. బుధవారం నా వెనకాల ఒక్కడూ రాడు."

"వస్తారు."

"ఎవరు చెప్పారు?"

"పొద్దున సొలొమోనే నాకు ఫోన్ చేసాడు."

"నీకా? నాకు ఎత్తకుండా నీకు చేసాడా? ఏమన్నాడు? నిజంగా వస్తానన్నాడా?"

"రాకుండా ఎట్టా ఉంటామండీ అన్నాడు. ప్రేమదాసూ వాడూ, అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద వస్తారంట, వెనక ఆటోల్లో పెళ్ళాంపిల్లలు, వాళ్ళ వాడ మొత్తం. కూర్చుని చూడ్డానికి మా కొట్టు ముందు కుర్చీలు వేయించమన్నాడు."