బన్ను కోసే కత్తి

హలో… ఆ, నేనే బాపూ. సుజననే. చెప్పు.

…లే, క్లాసు ఇప్పుడే అయింది. కాలేజీ మెట్ల మీద కూసున్న. ఏందట్ల గుసగుస మాట్లాడుతున్నవ్? చాయ్ బండి కాడ లేవా?

…కోర్టులనా? కోర్టుల నీకేం పని?

…సాక్షమా. ఏ కేసు?

…'ఏదో కేసు' అంటే ఎట్ల బాపూ? సాక్షివి నువ్వు.

…గోవర్ధన్ సార్ చెప్తడా. ఎవరు, మన బండి ముంగటి ఠాణాల హెడ్ కానిస్టేబులా?… ఓహో, బైకు మీద ఎక్కించుకోని ఆయనే తోలుకచ్చిండు. మస్తు మర్యాద చేసిండు.

…నేనా? నేనేం నేర్పాలె నీకు?

—ఆగు ఆగు. అవతలి వకీలు అడ్డం తిప్పి ఏమేం అడుగుతడో నీకు నేను ముందుగాల్నే చెప్పాలె. నేను చదివేది గదే కాబట్టి. గంతేనా?

…ఆ, చెప్పిండ్రు మాకు. క్రిమినాలజీల గది గూడ ఉంటది. సాక్షిని ఎట్ల అడగాలె, అబద్ధాన్ని ఎట్ల పట్టాలె. …సరే సరే, 'నా బిడ్డ రేపు ఎస్సై అయితది' అని ఆయనకు మళ్లొకసారి చెప్పినవా? చెప్పే ఉంటవ్. ముందుగాల నువ్వేం చూసినవో చెప్పు.

…'వాళ్లేం రాసిండ్రో' కాదు. నువ్వేం చూసినవ్?

…బాపూ.

…ఏం చూడలే. సంతకమే పెట్టినవ్.

…ఆ కాయిదం మీద ఏం రాసి ఉండె?… ఏం లేకుండెనా. ఖాళీ కాయిదమా?

…'ఎప్పుడూ గట్లనే' అంటే… ఎన్నిసార్లు… వద్దు, చెప్పకు. నాకు వినబుద్ధి అయితలేదు.

—సాయం కాదు బాపూ. సాయమని నీకు ఎవరు చెప్పిండ్రు? పోలీసోళ్లు ఏదన్న పట్టుకుంటే పక్కన ఇద్దరు బయటోళ్లు నిలబడి కండ్లార చూడాలె. చూసినంక సంతకం పెట్టాలె. దాన్ని పంచనామా అంటరు. పోలీసోళ్లు అబద్ధం రాయకుండ ఆపెటందుకే ఆ బయటోళ్లు. నువ్వేమో ఆళ్లకు చాయ్ పోసినట్టు సంతకాలు పోసుకుంట కూసున్నవ్.

…పొద్దుగాల మా రఘునాథ్ సార్ గిదే పాఠం చెప్పిండు. యాడనో ఠాణా ముంగట చాయ్ అమ్మెటోడు ప్రతి పంచనామాల సాక్షేనట. 'ఈయన చాయ్ ఎప్పుడు కాస్తుండు?' అని జడ్జి అడిగిండట. క్లాసంత నవ్వింది. …నేను గూడ నవ్విన బాపూ. మేధ నా మోచేయి పొడిచి, 'మీ బాపుది గూడ చాయ్ బండే గద' అంటే గూడ నవ్విన.

…నామోషీ కాదు. నామోషీ అయితే మంచిగుండు. ఇది రోత.

…సరే. అడిగినవ్ గద, విను. ముందుగాల నీకు వస్తువు చూపెడతరు. 'ఆ దినం నా కండ్ల ముంగట దొరికింది గిదే' అని నువ్వు గుర్తుపట్టాలె. ఏం దొరికిందట?

…కత్తి. గోవర్ధన్ సార్ నీకు చూపించిండా?… ఎట్లున్నది?

…పొడుగ్గ. అంచుకు పండ్లు పండ్లు. పిడి?

…పిడి ఎట్లున్నది బాపూ?

…ఎర్ర టేపు చుట్టి ఉన్నదా?

…ఎందుకడుగుతున్ననో నీకెరుక. ఉన్నదా, లేదా?

…గది మన కత్తి. మలాయి బన్ను కోసే కత్తి. పిడి పగిలితే నేనే గద చుట్టింది, స్విచ్చు బోర్డు కోసం తెచ్చిన టేపు మిగిలితే. పోయిన బోనాలప్పుడు కనవడ్తలేదన్నవ్. అమ్మనే యాడనో పారేసిందని ఎంత లొల్లి చేసినవ్. పాపం, అమ్మ బండి కిందికి దూరి ఎతికింది.

…నువ్వే ఇచ్చినవా.

…సార్ అడిగిండు, నువ్వు ఇచ్చినవ్. కత్తి ఎందుకని అడగలే. ఆయన ఉస్మానియా బిస్కెట్ అడిగినట్టు అడిగిండు, నువ్వు బిస్కెట్ ఇచ్చినట్టు ఇచ్చినవ్.

…థూ.

…నిన్ను కాదు. …ఏమో, నిన్నేనేమో.

ఎవరి మీద పెట్టిండ్రు దాన్ని?… పేరు చెప్పు. ఎరుక లేదనకు, నీ గొంతుల్నే తెలుస్తుంది.

…ఏ సాగర్?

…బాపూ, ఏ సాగర్?

…కాశమ్మత్త కొడుకా. లాడ్ బజార్ల గాజుల డబ్బాలు దించే ట్రాలీ నడిపెటోడు. …కత్తి చూపించి ఎవరినో బెదిరించిండని పట్టుకపోయిండ్రు గద, గా కేసా. మన కత్తితోని.

…నీకు ఎప్పుడెరుకైంది? ఇయ్యాల్నా?… నిజం చెప్పు.

…పట్టుకపోయిన తెల్లారే.

అంటే గిన్ని నెలల సంది, కాశమ్మత్త నీ బండి పక్కకే గంప పెట్టుకోని బార్కస్ జామపండ్లు అమ్ముకుంటుంటే… 'ఎల్లన్నా, నా కొడుకు గసొంటోడు కాదే' అని నీ ముంగట ఏడుస్తుంటే… ఆమెకు చాయ్ పోసి ఇచ్చుకుంట ఊకున్నవ్. చక్కెర జర ఎక్కువేసి.

…ఆమె గూడ అక్కడనే ఉన్నదా?… నువ్వెందుకొచ్చినవనుకుంటుంది మరి?

…సాగర్ దిక్కు మాట్లాడెటందుకు వచ్చినవనా. నువ్వు కాదనలే.

…ఇంకేం చేసింది?… జొన్నరొట్టె మూట ఇప్పి నీకు సగం పెట్టింది. తిన్నవా?

…తిన్నవ్.

—లే, ఉన్న. లైన్‌లనే ఉన్న. తిన్నింటి వాసాలు లెక్కవెట్టుడంటే ఏందో అనుకున్న. ఇయ్యాల మా ఇంట్లనే చూస్తున్న.

…ఏంది? ఆయనకియ్యకు ఫోన్. బాపూ, ఇయ్యకు—

…నమస్తే సార్. ఆ, సుజననే. …ఫైనల్ ఇయర్ సార్. …అవు, ఎస్సైకి రాస్త.

…అర్థమైంది. నౌకరి వస్తే, ఈ పిల్ల ఎసొంటిది, ఇంటోళ్లు ఎసొంటోళ్లు అని అడిగే కాయిదం మీ ఠాణాకే వస్తది. మీరే వచ్చి రాసుకపోతరు. …లే సార్, మర్చిపోను. …అవు, బండి గూడ ఫుట్‌పాత్ మీదనే ఉన్నది. అది గూడ మర్చిపోను.

…మీరు బెదిరిస్తలేరు, ఎరుకే. యాది చేస్తున్నరు. కంచెనే చేను మేస్తదని మా అమ్మమ్మ అంటుండె సార్, నాకు గది యాదికొస్తుంది. …ఏం లేదు. మా బాపుకియ్యిండ్రి.

…విన్న. అంత విన్న. 'నీ కోసమే' అనకు బాపూ. ఆ ఒక్క మాట అనకు. ఎవరి కొడుకునో లోపటేసి నాకు ఖాకీ బట్టలు కుట్టిస్తవా? అవి తొడుక్కుంటే నా ఒళ్లంత దద్దుర్లు లేస్తయి.

…నిజమే. ఆ చాయ్ పైసలతోనే తిన్న, చదివిన. గందుకే నా మీద నాకు గూడ రోత పుడుతుంది.

…గట్ల నిలవడి ఏడుస్తవెందుకు? చుట్టు మంది చూస్తున్నరేమో. …కుడితిల పడ్డ ఎలుక లెక్క కొట్టుకోకు. నేను నేర్పాలన్నవ్ గద, నేర్పుత. ఎవరేం అడిగినా నీ జవాబు ఒక్కటే. చూడలే. నేను చూడలే. గింతే. దీనికి క్రిమినాలజీ గూడ అక్కర్లేదు.

…లేపేస్తే లేపేయని బండిని. ఇంకో గల్లీల పెట్టుకుందం. …నా నౌకరి ఫికర్ నువ్వు చెయ్యకు.

…పిలుస్తున్నరా? నీ పేరేనా?… బాపూ, సరే అను. ఒక్కసారి సరే అని పో—

…బాపూ. …హలో?

…ఎవరు?

…కాశమ్మత్తా.

…ఆ, సుజననే. …ఫోన్ లోపటికి తేనియ్యరా. నీ చేతికిచ్చి పోయిండా. …అవు, పాలకు పోతే గూడ గల్లాపెట్టె, ఫోన్ నీకే ఇచ్చి పోతడు గద.

…లే, నేను మంచిగనే ఉన్న. జర పడిశం.

…దేవుడసొంటోడా.

…అత్తా, వద్దు. మా బాపుకు దీవెనలు పెట్టకు. …సాగర్‌ను తోలుకచ్చిండ్రా? చూసినవా?… మస్తు చిక్కిండా.

…గోవర్ధన్ సార్ నీ పక్కకున్నడా?… బాపు ఎంబడే లోపటికి పోయిండా. మంచిదే. మీ వకీలమ్మ యాడున్నది?… లోపటనే. సరే, మంచిగ విను. మధ్యల ఏం అడగకు. మా బాపు సాగర్ దిక్కు చెప్పెటందుకు రాలే. పోలీసోళ్ల దిక్కు వచ్చిండు.

…అవు అత్తా. మా బాపే.

…మీ వకీలమ్మ నీకెందుకు చెప్పలేదో నాకెరుక లేదు. …ఏడువకు. తర్వాత నేను గూడ వచ్చి నీతోని కూసోని ఏడుస్త. ఇప్పుడు టైం లేదు. ముందుగాల పోలీసోళ్ల వకీలు అడుగుతడు. అది కాంగనే మీ వకీలమ్మ లేస్తది. ఆమె లేవకముందే నువ్వు పోయి చెవుల చెప్పాలె. …భయమైనా సరే, పోవాలె.

…ఏం చెప్పాలంటే, ఆ కత్తి పిడికి ఎర్ర టేపు ఉన్నది. అది ఎవరు చుట్టిండ్రని మా బాపును అడుగుమను. గంతే.

…నేను అత్తా. నేనే చుట్టిన. అది మా బండిది. నువ్వు గూడ గిరాకీలకు దానితోనే జామకాయలు కోసి ఇచ్చినవ్ ఎన్నోసార్లు, యాదికి వస్తుందా?

…ఆ. గదే కత్తి.

…చెప్తడో, చెప్పడో. చూడనిది చూసిన అంటడు, ఇచ్చింది ఇయ్యలే అంటడు. గదంత అలవాటైంది మా బాపుకు. గని నా చేతితోని చేసినదాన్ని నాది కాదని అనడానికి ఆయనకు నోరు రాదు. …వస్తే, అంటే, నన్ను పిలువుమను. నేనే బోనెక్కి చెప్త. ఇప్పుడే బస్సు ఎక్కుతున్న.

…నా నౌకరా?

…నువ్వు గూడ గదే అడుగుతవేంది అత్తా. నీ కొడుకు లోపట బోనుల నిలబడ్డడు. …ఏం కాదు నాకు. పో. ఫోన్ కొంగుల దాచుకో, చూస్తే గుంజుకుంటరు.

…ఇంకా ఉన్నవా? ఉరుకు అత్తా.