సిన్నమ్మి ఇంట్లో లేదు

శ్రావణమ్మా, మా హేమ నీకు ఫోన్ సేస్తే, రెండు లైన్లు రాసి సంతకం ఎట్టి పంపమన్నావట. సిన్నమ్మి, చిన్నమ్మి ఒక్క మనిషే అని. రెండు లైన్లలో ఎలాగవుతాదమ్మా?

నానింతవరకూ ఏటీ రాసినదాన్ని కాదు. ఐదోక్లాసుతో బడి మానీసాను. తప్పులుంటే నవ్వుకోకు.

కంపెనీలో కూకున్నదానివి, మావూరు నీకేటి తెలుస్తాది? పూసపాటిరేగ దగ్గర, సముద్రం ఒడ్డున. మాయన ఎల్లాజీ ఏటకెల్తాడు, నాను రొయ్యలు ఎండబెడతాను. రెండేళ్ళయి మీ కంపెనీలోనే ఆన్‌లైన్లో అమ్ముతన్నాను. పేజీ మా మేనకోడలు హేమే ఎట్టింది. బెంగుళూరోళ్ళు కూడా తెప్పించుకున్నారు. ఒకలితో మాటాడక్కర్లేదు, బేరం లేదు. నాలాటి సిగ్గుమనిషికి అంతకన్నా ఏటి గావాల?

ఇంతలో రూలొచ్చింది. తిండిసరుకు అమ్మీ పెద్ద కంపెనీలు లైసెన్సున్నోళ్ళ సరుకే అమ్మాలట. రూలు మంచిదే, నాను కాదన్నానేటి? ఇసకలో ఎండబెట్టి, ఆ ఇసకతోనే పేకెట్టు కట్టీవోళ్ళు లేరా? నాను వలమీదే ఎండబెడతాను. తలా తోకా తీసీసి మరీ అమ్ముతాను. నాకేటి బయం, అనుకున్నాను.

లైసెన్సు కోసం నెట్టు సెంటరుకెళ్ళాను. "పేరు?" అన్నాడాయన. "సిన్నమ్మి" అన్నాను. "ఊరు?" అన్నాడు. "సింతపల్లి." ఇన్నది ఇన్నట్టే ఇంగిలీషులో కొట్టీసాడు. నాకు ఇంగిలీషు సదవడం వస్తే కదా? ఆధారులో 'చ', లైసెన్సులో 'స'. మీ కంప్యూటరు ఇద్దరు మనుషులనీసింది.

ఎల్లాజీ ఒకటే నవ్వు. "ఒసే, నీ పేరుకి నీకే నోరు తిరగదేటే?"

"నువ్వు పలుకు సూద్దుం" అన్నాను.

"సిన్నమ్మి" అన్నాడు! ఇద్దరం పొట్ట సెక్కలయ్యేలాగ నవ్వీసినాం. ఆ నవ్వు ఆ ఒక్క పూటే.

మర్నాడు మీ ఆపీసబ్బాయి ఫోన్ సేసాడు. "పేరు సరిగ్గా చెప్పండి" అన్నాడు. సెప్పాను. "స కాదండీ, చ" అన్నాడు. మళ్ళీ సెప్పాను. ఎనకాల ఎవులో కిసుక్కుమన్నారు. ఓలమ్మ! సెవిలోంచి పోదే ఆ నవ్వు! ఫోనెట్టీసాను.

రాస్తే వస్తాది సూడు. చిన్నమ్మి. చింతపల్లి. సేత్తో వస్తాది, నోటితో రాదు. ఏం సేసీది?

ఏటంటావు? అప్పుడే హేమ సేత మాటాడించొచ్చు కదా అంటావా? ఓనరే పలకాలన్నారు కదమ్మా!

ఇప్పుడు పేజీ ఆగిపోయి, పేకెట్లన్నీ ఇంట్లోనే ఉండిపోనాయి. వానగాలి మొదలయింది. రొయ్యలు మెత్తబడితే పారబొయ్యడమే. నాతో పాటు తలలు తీసీ ఆడోళ్ళు ముగ్గురున్నారు. "ఏటయింది వదినా, పనుందా?" అని రోజూ గుమ్మంలోకొస్తన్నారు. రూలు అన్నాను. నెట్టు సెంటరాయన్ని తిట్టాను. మిమ్మల్నీ తిట్టానమ్మా, అబద్దమెందుకు.

ఒక్క మాట మట్టుకు ఎవులికీ సెప్పలేదు, ఎల్లాజీకి కూడా.

ఆ తరవాత మూడుసార్లు ఫోన్ సేసినా చిన్నమ్మిగారు దొరకలేదు, అందుకే పేజీ ఆపీసాం, అని హేమతో అన్నావట. మూడుసార్లూ ఎత్తింది నానే. "చిన్నమ్మిగారాండీ?" అనడిగారు. మళ్ళీ పలకమంటారు, మళ్ళీ నవ్వుతారు అనీసి, "ఆవిడ ఇంట్లో లేదండి" అన్నాను. మూడుసార్లూ అదే అన్నాను.

మరి రూలుదేటి తప్పు?

ఇదంతా నిన్న రాసింది. ఇయ్యాళ పొద్దున్నే పేకెట్లన్నీ కత్తెరతో కోసీసి, రొయ్యలు గంపలో పోసుకుని సంతకెళ్ళాను. అరవలేదు, కూకున్నానంతే. కుప్పలో సెయ్యెట్టి, ఏలితో నలిపి, వాసన సూసి కొనుక్కున్నారు. వచ్చిన దరకే ఇచ్చీసాను. లైసెన్సడగలేదు, పేరడగలేదు.

నానూ సెప్పలేదు.