కుచ్చుల పావడ లేని ఈత డ్రస్సు

వేప్పనపల్లిలో ఇంటి వసారాలో ఆమె సాగే గుడ్డను కుట్టుమిషన్ కింద మెల్లగా జరుపుతోంది. కూతురికి ఈత డ్రస్సు కుట్టించుకోవడానికి వచ్చిన తోడికోడలు పక్కనే కూర్చుంది.

“అక్కా, నడుముకాడ కుచ్చుల పావడ ఒకటి కలిపి కుట్టు. మోకాళ్ళ దాకా రావాల.”

“పావడ వద్దమ్మా.”

“గుడ్డ చాలదా ఏమి?”

“గుడ్డ ఉంది. తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటాది.”

“హోసూరు ఇస్కూల్లో మొగపిల్లోళ్ళు కూడా ఈదతారంట. పావడ లేకుంటే నీ మరిది పాపను నీళ్ళలోకి దిగనిస్తాడా?”

మిషన్ ఆగింది.

“నా కూతురు ప్రేమ బావిలో ఎట్ల పోయిందో నీకు తెలుసునా?”

“కాలు జారి పడిందని కదా చెప్పినారు.”

“జారలేదు. నా బిడ్డకు ఈత బాగా వచ్చు. ఆ పొద్దు చెడ్డీతో దిగబోతా ఉంటే, పెద్దదానివైనావు, పావడ కట్టుకోమని వెనక్కి పిలిచినాను. ముడి నేనే బిగించినాను.”

“అక్కా...”

“పైకి తీసినాక ఆ తడి ముడి విడిపోలేదు. ఈ కత్తెరతోనే కత్తిరించినాను.”

“పన్నెండేండ్లాయె. ఎవురికీ చెప్పలేదే నువ్వు.”

“చెప్పలేదు.”

“పావడ వద్దులే అక్కా. ఆయప్పకు నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాను.”

“నువ్వు చెప్తే వినడు. మరిదిని ఈడికి పంపు. ఈ మాట ఆయప్పకూ నేనే చెప్తాను.”