ఈ గదిలో వాన పడదు

చేపల పడవలకు దారి చూపే పెట్టెలోని కొత్త యాంటెనాను, తరంగాలు తిరిగి రాకుండా గోడల నిండా నల్లటి ఫోమ్ ముళ్లు అమర్చిన గదిలో అప్పుడే పరీక్షించారు. పరిశోధక విద్యార్థిని తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె గైడు ఓ పక్కన వైర్లు చుడుతున్నాడు.

"ఫలితం భలే వచ్చిందమ్మాయ్! ఇదే రిపోర్టులో పెట్టు."

"నిన్న దీన్ని మేడ మీద పెట్టి ఉప్పునీళ్లు చల్లాను సార్. పైన నీటి పొర నిలవగానే ఒక్క ఉపగ్రహం సంకేతమూ అందలేదు. తానెక్కడుందో దానికే తెలియలేదు."

"నీళ్లు చల్లమని నీకెవరు చెప్పారు?"

"సముద్రం మీదికి పోయేదాన్ని తడపకుండా ఎలా సార్?"

"పరీక్షంటే ఈ గదిలోదే. ఈ గదిలో వాన పడదు."

"పడవలూ ఈ గదిలో తిరగవుగా!"

"నోరు బాగానే లేస్తోంది. పట్టా అక్కర్లేదా? రేపు మంత్రిగారు పడవలవాళ్లకు ఈ పెట్టెలు పంచుతుంటే ఇప్పుడు అడ్డుపుల్ల వేస్తావా?"

"పైన గుమ్మటంలాంటి మూత బిగిస్తే నీళ్లు జారిపోతాయి. ఒక్క నెల గడువడగండి."

"నెలాగితే ప్రాజెక్టు ఇంకోడు ఎగరేసుకుపోతాడు."

"సరే. మీ తమ్ముడికీ పడవుందిగా? రేపు ఆయనా తీసుకుంటున్నారా?"

వైరు చుట్టే చేతులు ఆగాయి.

"వాడికెందుకు... వాడికి పాతదే ఉండనీ."

"అయితే రిపోర్టులో ఆ ఒక్క మాటే రాస్తాను సార్. కింద మీరు సంతకం పెట్టండి."