చైనా పాఠం చెప్పిన రోజు

“తాతా, కాలేజీలో నువ్వు చైనా పాఠం చెప్పినావంట గదా, అదేందో చెప్పు.”

ఎవురు చెప్పినారమ్మణ్ణీ, మీ అవ్వా? దానికి సగమే తెలుసు. కూచో. కావలి కాలేజీలో చదవతా ఉండా అప్పుడు. చైనాతో యుద్ధం అయినాక... కాదు కాదు, యుద్ధానికి ముందే. చేపలు పట్టే మా పాలెం నించి కాలేజీకి పోయినోణ్ణి నేనొక్కణ్ణే. పోయి ఏం లాభం, రెండేళ్లు క్లాసులో నోరు తెరిస్తే ఒట్టు. మన మాట వింటే కిసుక్కున నవ్వేవాళ్లు. పెద్ద రైతు కొడుకు ఒకడు, నేను పక్కన కూచుంటే చేపల వాసనని ముక్కు మూసుకునేవోడు.

ఇంక నా వల్ల కాదు, వచ్చి తీసకపో నాయనా అని నేనే కబురంపినా. తెప్ప మీదికి మనిషి కూడా తక్కువగా ఉండె. అప్పుడు బస్సు ఛార్జీ రెండణాలో ఎంతో, అదీ దండగని మా నాయన ఎండలో నడిచే వచ్చినాడు. హాస్టల్లో నించి నా ట్రంకుపెట్టె తెచ్చి పక్కన పెట్టుకోని క్లాసు బయట వరండాలో కూచున్నాడు.

ఆ రోజే నా వంతు వచ్చింది. మా చరిత్ర మేష్టరు ఒక్కొక్కణ్ణి లేపి పాఠం చెప్పించేవాడులే. చైనాలో రాజుల కాలంలో కిరస్తానం ఎట్లా వ్యాపించింది, అదీ నా పాఠం. అంతా బట్టీ పట్టినా, లేచేసరికి ఒక్క ముక్క రాలా. ఎట్లాగూ కాలేజీ ఇడిసి పోయేవాణ్ణే గదా అనుకోని, పాలెంలో మాట్లాడేటట్టే ఎత్తుకున్నా.

పడమటి దేశాల పాదిరీలు ఓడెక్కి పోయినారు, చైనా భాష నేర్చుకున్నారు, ఆ దేశంలో చదువుకున్నోళ్లు కట్టే బట్టలే కట్టినారు, గడియారాలూ దేశపటాలూ చూపించి రాజుని మెప్పించినారు, అని చెప్పుకుంటా పోతా ఉండా. నవ్వులు మొదలైనాయి. ఆ రైతు కొడుకు లేచి, అంత మెచ్చిన రాజులు మళ్లా ఎందుకు తరిమినారని అడిగినాడు. పుస్తకంలో దానికి రెండు వాక్యాలే. నాకు అప్పటిదాకా అర్థం గాలా, చూడు, ఆ నిమిషంలో అర్థమైంది.

“మేం కొత్త వల నీళ్లలో ఏసేముందు మా తాతకి ఆకేసి అన్నం పెడతాం. ఆయన సముద్రంలో పోయినాడు. చైనావాళ్లూ అంతే, పోయిన పెద్దల పేర్లు రాసిన పలక ముందర దణ్ణం పెట్టుకుంటారు. మొదటొచ్చిన పాదిరీలు పెట్టుకోనిచ్చినారు. తర్వాతొచ్చినోళ్లు తప్పన్నారు, రోములో పెద్ద గురువు కూడా కూడదన్నాడు. రేపు ఎవురన్నా వచ్చి మా తాతకి అన్నం పెట్టొద్దంటే మా నాయన ఊరుకుంటాడా?”

మేష్టరు కుర్చీలోనించి లేచి, ఇన్నేళ్లుగా చెప్తా ఉండా, ఇంత తేటగా నేనే చెప్పలేకపోయినానని అన్నాడు. ఇంక చప్పట్లే చప్పట్లు. తర్వాత ఏమైందని వాళ్లే అడిగినారు. తెల్లోళ్ల ఫిరంగుల ఓడల ఎంబడి పాదిరీలు మళ్లా రావడం, బడులూ ఆసుపత్రులూ కట్టడం, ఆడపిల్లల పాదాలు పెరగకుండా బిగించి కట్టొద్దని చెప్పడం, అంతా చెప్పినా. గంట కొట్టినా ఒక్కడు లేవలా. ఆ ముక్కు మూసుకునేవోడు నా పక్కనే వచ్చి కూచున్నాడు.

బయటికొస్తే మా నాయన పెట్టె నెత్తికెత్తుకోని ఊరి దిక్కు కాదు, హాస్టలు దిక్కు పోతా ఉండాడు. ఎనకాలే పరిగెత్తినా. పెట్టె మంచం కిందికి తోసినాడు. ఆయనకి చైనా యాడుందో తెలవదు.

“అంతమందిలో మా నాయన్ని తల్చుకున్నావు గదరా. తెప్ప సంగతి నేను చూసుకుంటా, నువ్వు ఈడే ఉండు.”

అంతే, తిరిగి చూడకుండా నడిచి పోయినాడు. నాకు ఏడుపాగలా. గెలిచినా తల్లీ, ఆ రోజు నేను గెలిచినా. నువ్వు కూడా యాడికి పోయినా మన మాటతోనే నిలబడు. చల్లగా ఉండు, నా తల్లి.