పాల వ్యాను కోసం యాభై రెండో వారం

ముందు ఆ పలక కింద పెట్టు అన్నయ్యా. నువ్వేం రాశావో చదవక్కర్లేదు, నీ కనుబొమ్మలే చాలు. ఆరు దాటింది, అయిందా లేదా, అంతేగా? గడియారం నాకూ కనిపిస్తోంది. ఆరున్నర. మూడింటికి మాత్ర వేసుకుని గుర్రు పెట్టి పడుకున్నవాడివి, లేస్తూనే నన్ను బోనెక్కిస్తావేంటి?

దవడకి తీగ చుట్టి మూడు వారాలు నోరు తెరవొద్దన్నాడు డాక్టరు. ఈ ఇంట్లో నేను మొదలుపెట్టిన మాట నేనే పూర్తి చేసే అవకాశం ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదలు. వాడుకోనీ.

అసలు మూలం ఎక్కడుంది? పన్నెండంతస్తుల లిఫ్టు గోతిలో తాడు పట్టుకుని వేలాడే మెకానిక్కువి. వంటింట్లో రెండడుగుల స్టూలెక్కి బల్బు మారుస్తూ పడ్డావు. దవడా, కుడి మణికట్టూ ఒకే దెబ్బకి. సరే, పడ్డావు. ఆస్పత్రిలో పలక చేతికివ్వగానే ఎడమ చేత్తో కోడిగెలుకుడు రాతలో ఏం రాశావు? 'అమ్మా' అని రాశావా? 'గురువారం ఆరు లోపు' అని రాశావు. నర్సు పాపం అది ఆపరేషన్ టైమనుకుని పరిగెత్తింది.

తెలుసు, తెలుసు. యాభై ఒక్క వారాలు. గురువారం సాయంత్రం ఆరు నుంచి వచ్చే గురువారం ఆరు దాకా, టీవీలో ఆ కార్ల ఆట వారానికి నాలుగు పనులు చెప్తుంది, నువ్వు వారం తప్పకుండా చేశావు. యాభై రెండూ వరసగా చేసినవాడికే ఆ బహుమతి. ఒక్క వారం తప్పితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి. మీ వర్క్‌షాపులో నలుగురు మొదలుపెడితే ముగ్గురు చేతులెత్తేశారు, నువ్వొక్కడివే మిగిలావు. ఆదివారం ఆ ముగ్గురూ బహుమతి చూడ్డానికి ఇంటికొస్తున్నారు.

ఏంటా బహుమతి? మూడు చక్రాల పాల వ్యాను. నలభై దాటి పోదు. ఏడాది పాటు రాకెట్లలాంటి కార్లు తోలి తోలి చివరికి పాల వ్యాను. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే కదా? నిజం చెప్పనా, ఆ ఆట మొత్తం మీద నాకు నచ్చిన బండి అదొక్కటే.

మరి ఊరంతా వదిలేసి కంట్రోలర్ నా చేతిలో ఎందుకు పెట్టావు? డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని కదా, ఇంట్లో ఇంతకన్నా మంచి డ్రైవరు ఎవరున్నారనుకున్నావు. అక్కడే బోర్లా పడ్డావు. స్టూలు తర్వాత నువ్వు పడ్డది అది రెండోసారి.

శనివారం సంగతి గుర్తుందా? ఇండికేటర్ బటన్ ఏదని అడిగాను. నువ్వు చెంచాతో మంచం పట్టీ మీద కొట్టావు. ఒక దెబ్బంటే తొక్కు, రెండంటే తిప్పు, ఎడాపెడా కొడితే నువ్వసలు నా చెల్లెలివేనా అని. ఇండికేటర్ లేని ఆట ఉంటుందని నేను కలగన్నానా? అన్ని బటన్లూ నొక్కాను. హారన్ మోగింది, పాట మారింది, కారు టాపు లేచిపోయింది. ఎర్ర లైటు దగ్గర ఆగాను. నువ్వు చెంచా వంకర పోయేదాకా కొట్టావు. అడ్డం ఎవరొస్తున్నారని ఆగావే అని అమ్మ కూడా అడిగింది. ఎవరూ లేకపోయినా ఆగడమే సంస్కారం అమ్మా అన్నాను. నవ్వొచ్చి నీ తీగ లాగింది, అదీ నా తప్పేనా?

అయినా చేశానా లేదా?

మొదటి పని, వేగం కొలిచే కెమెరా. రోడ్డు మీద ఆ స్తంభం కనిపిస్తే బుద్ధున్నవాడు కాలు తీస్తాడు. నీ ఆటలో బలంగా తొక్కాలట. నూట తొంభై దాటితే మూడు స్టార్లు. ఎనిమిదిసార్లు వెళ్ళాను, ఎనిమిదిసార్లూ స్తంభం దగ్గర నా వేలు దానంతటదే వదిలేసింది. తొమ్మిదోసారి కళ్ళు మూసుకున్నాను. మూడు స్టార్లూ వచ్చాయి, కారు చెరువులోకి పోయింది.

రెండోది, ఎదురొచ్చే బళ్ళని వెంట్రుకవాసిలో తప్పించుకోవడం, పదిసార్లు. మొదటిసారి తప్పించుకోగానే పక్కకి ఆపాను. ఎందుకంటే ఏం చెప్పను? అవతలివాడు భయపడి ఉంటాడు, ఒక్క క్షణం ఆగి చెయ్యైనా ఊపాలి కదా అనిపించింది. మూడోది, లైట్‌హౌస్ ముందు కారు ఫోటో. అది మాత్రం కళ్ళకద్దుకుని చేశాను. రెండు గీతల మధ్య అంగుళం తేడా లేకుండా పెట్టడానికి ఇరవై నిమిషాలు. నువ్వు చెంచా విసిరేశావు. ఆ ఊరు పుట్టాక గీతల మధ్య ఆగిన మొదటి కారు నీదే అన్నయ్యా, గర్వపడు.

అలా మంగళవారానికి మూడయ్యాయి. మిగిలింది నాలుగోది. వరసగా మూడు రేసులు, మూడూ గెలవాలి.

ఏంటి గీకుతున్నావ్? 'నిన్న ఎందుకు చెయ్యలేదు'. నిన్నటి సంగతి తర్వాత చెప్తాను. ఈ రోజు పనికి పోకుండా ఇంట్లో ఎందుకున్నానో అదీ తర్వాత చెప్తాను. వరస తప్పిస్తే ఏడుపొస్తుంది.

ఐదున్నరకి కూర్చున్నాను. నువ్వు నిద్రపోతున్నావు. చెంచా చప్పుడు లేదు. చెప్తే నమ్మవు, మొదటి రేసు రెండోసారికే గెలిచాను. రెండోది ఒక్కసారికే. అమ్మ కూరగాయల కత్తి పట్టుకునే వచ్చి నా వెనక నిలబడింది. మూడో రేసు, ఐదు నలభై ఎనిమిది. నేనే ముందున్నాను. వెనకవాడు అద్దంలో చీమంత. గెలుపు గీత కనిపిస్తోంది. అమ్మ నా భుజం పట్టుకుంది. మనసులో నీకు పాల వ్యాను తాళాలు కూడా ఇచ్చేశాను.

అప్పుడు పక్క సందులోంచి బస్సొచ్చింది.

ఆటలో బస్సే. తెలుసు. గుద్దినా ఏం కాదు, గీత దాటేస్తాం, అదీ తెలుసు. తెలిసింది తలకి. కాలికి ఎవరు చెప్తారు? ఆరేళ్ళుగా రోజుకి ఏడు గంటలు నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాను. నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. బస్సు కనిపిస్తే తల ఆలోచించేలోపు కాలు పని చేసేస్తుంది. మా స్కూలు కార్లో ఎవరూ చావకపోవడానికి కారణం ఆ కాలే.

తొక్కాను. ఉన్న బలమంతా పెట్టి తొక్కాను.

టీవీ బల్ల కింద ఏముంటుంది? ఎక్స్‌టెన్షన్ బాక్సు. దాని మీద ఎర్ర స్విచ్చు. అది కింద వద్దు, పైకి పెట్టించు అని నెల నుంచి ఎవరు మొత్తుకుంటున్నారు? అమ్మ. కరెంటు పని తెలిసిన కొడుకు ఎవరు? అటు చూడకు, నావైపు చూడు.

టీవీ పోయింది. ఆట పోయింది. ఫ్యాను కూడా ఆగింది. అమ్మ మెల్లగా అడిగింది, గెలిచామా అని.

మళ్ళీ వేశాను. ఆ ఆట నిద్ర లేచేసరికి ఐదు యాభై నాలుగు. మూడు రేసులూ మొదటి నుంచి చెయ్యాలంది. రేసుకి నాలుగు నిమిషాలు, మిగిలినవి ఆరు. లెక్క రాక కాదు, అయినా మొదలుపెట్టాను. రెండో రేసు మధ్యలో ఆరయింది. తెర మీద రంగుకాగితాలు ఎగిరాయి. కొత్త వారానికి స్వాగతం అంది. స్వాగతమట. గోరుచుట్టు మీద రోకటి పోటు.

అదీ జరిగింది. పోయింది. యాభై ఒక్క వారాలూ నా ఒక్క కాలి కింద పోయాయి. తిట్టాలనుంటే రాయి, చదువుతాను.

ఏం రాయవా?

నువ్వలా మెత్తగా చూస్తే నాకు భయమేస్తుంది. సరే, నిన్నటిదీ విను. అమ్మ పెరట్లో ఉంది కదా? ఉంది.

నిన్న ఉదయం హెడ్‌మిస్ట్రెస్ గారి పాఠం. రిటైరై మూడేళ్ళయింది, పన్నెండు పాఠాల్లో పాతిక దాటి ఎప్పుడూ పోలేదు. సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటేసి జాలిగా చూస్తాయి. పెద్ద రోడ్డెక్కాం. దూరంగా కెమెరా స్తంభం కనిపించింది. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "తొక్కండి మేడమ్, తొక్కండి, మూడు స్టార్లు" అన్నాను.

ఆవిడ నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పిన మాట వినాలని నేర్పిన మనిషి. విన్నారు. తొంభై.

స్తంభం మెరిసింది. అప్పుడు నా కాలెక్కడుంది? బ్రేకు మీద లేదన్నయ్యా. మడత పెట్టుకుని హాయిగా ఉంది. ఆవిడే నెమ్మదిగా పక్కకి ఆపి, అద్దం చూసుకుని, ఇండికేటర్ వేసి, "ఎన్ని వచ్చాయమ్మా?" అని అడిగారు.

మా స్కూలు ఓనరు కెమెరా తీసిన ఫోటో చూశాడు. అందులో ఇద్దరం నవ్వుతున్నాం. వారం రోజులు కారు దగ్గరికి రావద్దన్నాడు. అమ్మకి సెలవని చెప్పాను.

లేని బ్రేకు తొక్కి నీ వ్యాను పోగొట్టాను. ఉన్న బ్రేకు తొక్కక నా కారు పోగొట్టుకున్నాను. ఇంకేం చెప్పను? ఆదివారం వాళ్ళొస్తే నేనే చెప్తాను, నువ్వెలాగూ మాట్లాడలేవు.

జరుగు కాస్త. కంట్రోలర్ ఎక్కడ పెట్టాను? ఎక్స్‌టెన్షన్ బాక్సు అలమరా మీదకెక్కించేశాను, స్టూలెక్కకుండానే. ఈ వారం మొదటి పని చూశాను, పది ఉత్తరాల డబ్బాలు గుద్దాలట. ఎవరివో ఏంటో పాపం.

చెంచా తీసుకో.